బతికున్న పేరు

"ఫొటోలో ఆ చెయ్యి ఎవరిదని అడుగుతోంది" అంది నా కూతురు.

అడిగింది మా టవర్‌లో తొమ్మిదో అంతస్తులో కిరాయికి ఉంటున్న మెక్సికో పిల్ల. రాయదుర్గంలో నా కూతురు పనిచేసే ఆఫీసులోనే ఆమెకూ పని. పిల్ల అంటున్నాను గానీ ముప్పై అయిదేళ్ళుంటాయి. నా వయసుకి అందరూ పిల్లలే.

ఫొటో మా మేనత్తది. మొన్న ఎండాకాలంలో పోయింది. అందులో ఆమె పక్కన పన్నెండేళ్ళ నేను నిలబడి ఉంటాను. నా కూతురు నన్ను ఫోన్లో కత్తిరించి, మేనత్తను మాత్రం పెద్దది చేయించి పటం కట్టించింది. ఎంత కత్తిరించినా ఆమె మోచేతిని పట్టుకున్న నా నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి.

"నాదే" అన్నాను.

"అయితే అది కూడా తీసేయాలి అమ్మా." ఆమెకు వచ్చిన తెలుగు ముక్కల్లో 'అమ్మా' ఒకటి. మిగతాదంతా ఇంగ్లీషు. నాకు అందనిచోట నా కూతురు చెప్పేది. "బతికున్నవాళ్ళని ఈ బల్ల మీద పెట్టకూడదు. వేలు కూడా పెట్టకూడదు. మా అమ్మమ్మ చూస్తే నన్ను చంపేస్తుంది. ఆమె పోయి పదేళ్ళయింది, అయినా చంపేస్తుంది."

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కూర్చుని ఉన్నాం. మధ్యాహ్నం మూడు గంటలు. మధ్యలో రెండు బస్తాల బంతిపూలు. చనిపోయినవాళ్ళ కోసం వాళ్ళ దేశంలో చేసే పండగ మర్నాడు. పోయిన ఏడు అదే పండగను వీళ్ళ ఆఫీసువాళ్ళు తిండి కౌంటర్ల దగ్గర జరిపారట. ముఖాలకు పుర్రె రంగులు, అట్ట టోపీలు, అతికించిన మీసాలు, చెవులు పగిలే పాటలు. ఎవరి ముఖం బాగా భయంగా ఉందో చూసి బహుమతి కూడా ఇచ్చారు. ఈ పిల్ల తండ్రి అప్పటికి రెండు నెలల కిందటే పోయాడు. సెలవు దొరక్క వెళ్ళలేకపోయింది. ఆ రోజు ఎవరో ఆమె తలకీ ఒక టోపీ పెట్టి ఫొటో దిగమన్నారు. దిగిందట. ఆ సంగతి నా కూతురితో చెప్పడానికి ఆమెకు పది నెలలు పట్టింది.

"ఈసారి మా ఊళ్ళో చేసినట్టు చేస్తాను. మీరూ రండి. కానీ వేషాలు వద్దు. మీ వాళ్ళు ఎవరైనా పోయి ఉంటే వాళ్ళ ఫొటో తెండి, వాళ్ళకి ఇష్టమైనది ఒకటి వండి తెండి" అందట.

అందుకే ఈ బల్ల, ఈ పూలు. సాంబ్రాణి దొరికింది. ఉప్పు, గ్లాసుతో నీళ్ళు సరే. పైన ఎముకల్లా నాలుగు కడ్డీలు పెట్టి కాల్చే రొట్టె ఒకటుంటుందట. లింగంపల్లిలో ఒక బేకరీ ఆయనకు బొమ్మ గీసి చూపిస్తే, ఆయన అది పువ్వు అనుకుని మధ్యలో చెర్రీ పెట్టి కాల్చాడు.

చచ్చినవాళ్ళు వచ్చి తింటారంటే నేను నమ్మను. నమ్మనని ఆ పిల్లతోనూ చెప్పాను. "నమ్మకం అడగలేదమ్మా, ఫొటో అడిగాను" అంది. పటం తెచ్చాను.

మా అసోసియేషన్‌లో ఒకావిడ ఉంది, కాకినాడ వైపు మనిషి, మంచిదే. పూలు తుంచుతూ, "ఇదంతా మన మహాలయ పక్షమేనండీ. మన దగ్గర్నుంచే అక్కడికి వెళ్ళుంటుంది" అంది.

"ఎవరు తీసుకెళ్ళారండీ?" అన్నాను.

"అంటే, పూర్వం మనవాళ్ళు..."

"పడవలోనా, విమానంలోనా? మనిషి పోతే ఏడవడం కూడా మనమే నేర్పాలా ప్రపంచానికి?"

"అమ్మా!" అంది నా కూతురు. నేను ఎవరితో మాట్లాడినా దాని గుండె దడదడలాడుతుంది.

కాకినాడావిడ నవ్వేసింది. ఇక ఆ వేళ్ళ సంగతి. బతికున్న మనిషిని చచ్చినవాళ్ళ మధ్య పెడితే ఏమవుతుందని అడిగాను. మెక్సికో పిల్ల పూలు తుంచడం ఆపింది. "చావుని పేరు పెట్టి పిలిచినట్టు" అంది.

నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పని నేనొకసారి చేశాను. ఇదే ఫొటోలో మనిషికి చేశాను. తీరిగ్గా కూర్చుని, గుండ్రటి అక్షరాలతో చేశాను.

చెప్పమన్నారు. రెక్కలు తుంచుతూ చెప్పాను. అక్కడ ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ సరిగ్గా రాస్తున్నాను.

*

ఈ పుప్పాలగూడే మా ఊరు. అప్పుడిక్కడ జొన్న చేలు, సీతాఫలం చెట్లు, ఏనుగులు పండుకున్నట్టు రాతి గుండ్లు. మా ఇంటి నుంచి గచ్చిబౌలి వైపు చూస్తే ఒక్క గోడ కనిపించేది కాదు. నాకు పదకొండేళ్ళు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. తాతకు వేలిముద్ర. నాయినకు సంతకం వరకూ వచ్చు. ఉత్తరం వచ్చినా, కరణం దగ్గర కాగితం వచ్చినా చదివేది నేనే. చదివేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళందరూ నా ముందు నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు. ఆ రుచి నాకు బాగా తలకెక్కింది.

పెత్తరమాస, అంటే మహాలయ అమావాస్య నాడు పెద్దలకు బియ్యం ఇస్తారు. చాటలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ, చామగడ్డలు, చింతపండు, ఉప్పు పోసి, అయ్యగారిని కూర్చోబెట్టి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటి చెప్పి నువ్వులు నీళ్ళు విడవాలి. అయ్యగారు ఎక్కడో శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చేవాడు. ఒక్క పూటలో ముప్పై ఇళ్ళు తిరగాలి. అంతకుముందు ఏడు తాత పేర్లు మరిచిపోయి, ఒక ముత్తాతకు రెండుసార్లు నీళ్ళు విడిచి, ఇంకొకాయనకు అసలు విడవలేదు. "కాగితం మీద రాసి పెట్టుకోరాదుండ్రి" అని అయ్యగారు విసుక్కున్నాడు.

అందుకని ఆ ఏడు ముందు రోజు సాయంత్రం తాత నన్ను పిలిచాడు. "పొల్లా, పలక గాదు, కాగితం తే."

నోటుపుస్తకంలో నడిమి కాగితం చింపాను. తాత కళ్ళు మూసుకుని చెప్పాడు. తన తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయినమ్మ. కలరాలో పోయిన అన్న. చెప్పిన ప్రతి పేరు పక్కనా ఏమవుతారో కూడా రాశాను. తండ్రి. తల్లి. అన్న. అయిపోయాక తాత, "ఇంకెవలన్న ఉన్నరా?" అని తనలో తనే అనుకుని, "లేరు తియ్యి" అని లేచి ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయాడు.

నాకు మాత్రం ఒకరు మిగిలిపోయినట్టే అనిపించింది.

మా మేనత్త. ఆమెకు పదిహేనేళ్ళకు పెళ్ళి చేశారు, పదిహేడేళ్ళకు మొగుడు పాము కరిచి పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చింది. నన్ను ఎత్తుకుని తిరిగింది ఆమేనట. నాకు గుర్తున్నది కుంకుడుకాయ వాసన ఒక్కటే. తలంటుకుని, తడి జుట్టు నా ముఖం మీద వేసి నవ్వేది. నాకు అయిదేళ్ళప్పుడు ఒక పొద్దున లేచేసరికి ఆమె లేదు. తాత పెరట్లో నెత్తి మీంచి నీళ్ళు పోసుకుంటున్నాడు. "అత్త ఏది?" అని అడిగాను. నాయినమ్మ నా నోరు మూసి, "సచ్చిపోయింది. మల్ల అడగకు" అంది.

మళ్ళీ అడిగాను. పిల్లలు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు. చచ్చిపోయింది. అమ్మ అంది, నాయిన అన్నాడు, నాయినమ్మ అంది. పెద్దవాళ్ళు ముగ్గురు ఒకే మాట చెబితే పిల్ల దాన్ని నిజమనుకుంటుంది. వాళ్ళ మాటను ఆ ఇంట్లో నిజంగా నమ్మినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రం కాగితం చూసుకుంటే, పోయినవాళ్ళందరికీ రేపు అన్నం అందుతుంది, మేనత్తకు అందదు అనిపించింది. తాత మరిచిపోయాడు. పోయిన ఏడూ ఇలాగే మరిచిపోయాడు కదా. ఆకలితో ఉంటుంది. అట్టడుగున ఖాళీ ఉంది. ఆమె పేరు రాశాను. పక్కన 'బిడ్డ' అని రాశాను. ఇంటి పేరుతో సహా, తప్పు లేకుండా. అందరి పేర్లకంటే ఆ పేరే అందంగా వచ్చింది.

*

మర్నాడు పొద్దున ఇల్లంతా గారెల వాసన. పెద్దలకు పెట్టకముందు ఎవరూ నోట్లో వేసుకోకూడదు. నేను రెండు గారెలు గౌనులో దాచుకుని గడ్డివాము వెనక తిన్నాను. వేడికి నాలుక కాలింది. ఆ కాలిన నాలుకతోనే వచ్చి, మంచి పిల్లలా అయ్యగారికి కాగితం ఇచ్చాను.

తాత పీట మీద కూర్చున్నాడు. చేతిలో చెంబు, ఎదురుగా చాట. నాయిన వెనక నిలబడ్డాడు. నాయినమ్మ, అమ్మ వంటింటి గడప లోపల. అయ్యగారు గబగబా చదువుకుంటూ పోయాడు. పేరు, నీళ్ళు. పేరు, నీళ్ళు. నా అక్షరాలు ఆయన నోట ఎక్కడా తడబడలేదు. నా ఛాతీ పొంగింది.

చివరి పేరు చదివాడు.

తాత చెయ్యి గాలిలో ఆగింది.

అయ్యగారు చూడలేదు. కాగితమే చూస్తున్నాడు. "బిడ్డనా? అయ్యో. పెండ్లయిందా? పెండ్లయితే అత్తగారి గోత్రం జెప్పాలె. ఎప్పుడు పోయింది? ఈ యాడాదేనా? యాడాది దాటకపోతే ఈ వరసల రాదు."

ఆ పేరు మీద వేలు పెట్టి ఆయన తలెత్తాడు.

"ఎప్పుడు పోయిందయ్యా? నాకింకా మస్తు ఇండ్లున్నయి."

నాయినమ్మ గడప దాటి వచ్చింది. అయ్యగారి ముందుకు ఆమె రావడం నేనెప్పుడూ చూడలేదు. తాత ఎదురుగా నిలబడింది.

"ఎప్పుడు పోయింది?" అంది. అయ్యగారు అడిగిన మాటే. కానీ ఆమె అడుగుతున్నది తాతను.

ఆమెకు అర్థమైంది ఇది: కబురు వచ్చింది. ఎవరో వచ్చి చెప్పారు, లేదా ఉత్తరం వచ్చింది. మొగుడు ఆ సంగతి తన దగ్గర దాచి, ఎవరికీ చెప్పకుండా కాగితంలో పేరు రాయించి, నీళ్ళు విడిచేస్తున్నాడు.

తాత ఒక్క మాట అంటే అయిపోయేది. 'కబురు రాలే. పిల్ల ఊకెనే రాసింది. అది బతికే ఉన్నది.' అంతే. కానీ ఆ మాట ఆయన నోట రావాలంటే ఆరేళ్ళ మాట వెనక్కి తీసుకోవాలి. అయ్యగారి ముందు, కొడుకు ముందు, గోడ మీంచి చూస్తున్న పక్కింటివాళ్ళ ముందు. మేనత్త లేచిపోయింది మోటార్లు బాగుచేసే మనిషితో. బావుల దగ్గర పని మీద మా ఊరికి వచ్చేవాడు. మా కులం కాదు. మావాళ్ళు తమకంటే కింద అనుకునే కులం. ముండమోసిన ఆడది రెండో పెళ్ళి చేసుకోవడమే ఒక తప్పు, వాణ్ణి చేసుకోవడం ఇంకో తప్పు. అందుకని తాత బిడ్డ చచ్చిందని ఊరందరికీ చెప్పి నెత్తి మీంచి నీళ్ళు పోసుకున్నాడు. ఆ రోజు పోసుకున్న నీళ్ళు నిజమైతే ఇప్పుడు చెంబులో నీళ్ళు విడవాలి. విడవకపోతే అది బతికి ఉన్నట్టు.

నీళ్ళు విడవలేదు. బతికి ఉందని అనలేదు. చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"అమ్మా, నీకేం ఎరుక..." అని నాయిన ఏదో అనబోయాడు.

"నువ్వు నోర్ముయ్యి" అంది నాయినమ్మ. కొడుకుని అలా అనడం కూడా అదే మొదటిసారి. "నీకు గూడ ఎరుకేనా? అందరికెరుకేనా? నా బిడ్డ సస్తె నాకొక్కదానికే ఎరుకలేదా?"

రాసింది నేనే అని చెప్పాలి. నోరు తెరిస్తే గారెల వాసన వస్తుందని కూడా భయమేసింది. చిన్నపిల్లల భయాలకు పెద్దాచిన్నా ఉండదు.

నాయినమ్మ కొంగు నడుముకు చుట్టింది. నా రెక్క పట్టుకుంది. "నడువు పొల్లా."

"ఏడికి?" అంది అమ్మ, లోపలి నుంచి, ఏడుపు గొంతుతో.

"శవాన్నన్న సూస్త."

*

ఇక్కడికి వచ్చేసరికి మెక్సికో పిల్ల ఒళ్ళో బంతిపూలు ఒక్కటీ తుంచడం లేదు. "మీ తాత నీళ్ళు విడిచాడా?" అని అడిగింది. ఆగమన్నాను. నాకూ ఆ రోజు సాయంత్రం దాకా తెలియదు.

*

సనత్‌నగర్‌లో ఉంటారని మాత్రం నాయినమ్మకు తెలుసు. ఎవరు చెప్పారో, ఎన్నాళ్ళుగా దాచుకుందో. లింగంపల్లి టేసన్ దాకా నడవాలి, అక్కడ రైలెక్కాలి. ఆ రోజుల్లో దారంటే బండిబాట. తంగేడు విరగబూసి ఉంది. సాయంత్రం బతుకమ్మ మొదలు కదా, దారి పొడుగునా ఆడపిల్లలు పువ్వు కోస్తున్నారు. అత్తగారి ఇళ్ళ నుంచి వచ్చిన ఆడబిడ్డలు, కొత్త చీరలు. ఒకామె నాయినమ్మను చూసి, "ఏంది పెద్దమ్మా, పెత్తరమాస నాడు ఎటువోతున్నవ్ ఇంత గాయిగాయి?" అంది. నాయినమ్మ విననట్టే నడిచింది. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. తొందరలో మరిచిపోయింది.

నేను వెనక పరిగెత్తుతున్నాను. చెప్పాలి, చెప్పకూడదు, చెప్పాలి. నానక్‌రాంగూడ దాటాం. గచ్చిబౌలి గుండ్ల దగ్గరికి వచ్చేసరికి నా కడుపులో ఉన్న గారెలు, మాటలు రెండూ ఆగలేదు. కక్కుకున్నాను. నాయినమ్మ తిరిగొచ్చి వీపు రాసింది.

"నాయినమ్మా, నేనే రాసిన."

"ఏంది?"

"కాగితంల అత్త పేరు. తాత జెప్పలే. నేనే రాసిన."

ఆమె చెయ్యి నా వీపు మీద ఆగింది. "అది సచ్చిందని నీకెవలు జెప్పిన్రు?"

"నువ్వే."

కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. పక్కనున్న గుండు మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఎండ నెత్తికెక్కింది. దూరంగా మేకల గంటలు వినబడుతున్నాయి. ఆమె ముఖం నేను చూడలేకపోయాను. చెప్పుల్లేని ఆమె కాళ్ళే చూశాను. ఎడమ బొటనవేలు చీరుకుని రక్తం వచ్చింది.

ఇప్పుడు ఇంటికి తిరిగి పోవచ్చు. కబురేమీ రాలేదు. బిడ్డ చావలేదు. ఇదంతా ఒక పిల్ల చేసిన తప్పు. తిరిగి పోయి, పిల్లకు నాలుగు తగిలించి, గారెలు పెట్టుకుని తింటే ఎవరూ ఏమీ అనరు. ముందుకు పోతే మాత్రం ఆ ఇంటి గడప తనకు మళ్ళీ ఉంటుందో ఉండదో తెలియదు.

నాయినమ్మ లేచింది. లింగంపల్లి వైపే నడిచింది.

"ఇంటికి పోదామా?" అన్నాను.

"ఎందుకు? నువ్వు రాసింది తప్పో ఒప్పో సూడొద్దా?"

*

రైలు దిగాం. సనత్‌నగర్‌లో కార్ఖానాల పొగ, నూనె వాసన, వరసగా రేకుల అర్రలు. నలుగురిని అడిగితే అయిదోవాడు చూపించాడు. తలుపు తీసి ఉంది. లోపల ఒకామె కూర్చుని కూరగాయ కోస్తోంది. బొట్టు ఉంది. చేతులకు గాజులున్నాయి. నేను ముందు చూసింది అవే. మా ఇంట్లో ఆమెకు అవి లేవు.

ఆమె తలెత్తింది. తల్లిని చూసింది. లేవలేదు. కత్తిపీట దగ్గరే బిగుసుకుపోయింది.

"ఎవలు సచ్చిన్రు?" అంది.

ఆరేళ్ళ తర్వాత తల్లి వచ్చిందంటే ఎవరో చచ్చి ఉండాలి. అంతకంటే వేరే కారణం ఉంటుందని ఆమె అనుకోలేదు.

నాయినమ్మ పెదాలు కదిలాయి. "నువ్వే" అంది. అని గడపలోనే కూలబడింది.

తర్వాత ఏడుపులు. అవి రాయను. ఏడుపయ్యాక కోపం వచ్చింది, అది రాయాలి. మేనత్త అంతా విని లేచి నిలబడింది.

"నీళ్ళు విడిచిండా?"

"ఎరుకలేదు. నేను లేసొచ్చిన."

"విడిస్తే విడవనియ్. ఆర్నెల్ల కింద నాకు కడుపు పోయింది. దవాఖానల పది రోజులున్న. ఎవలన్న వచ్చిన్రా? నేను గప్పుడే సచ్చిన మీకు. కాగితం మీద ఇయ్యాల రాసుకున్నరు, గంతే."

నాయినమ్మ ఎదురు చెప్పలేదు. సమర్థించుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆకలైతుంది. ఏమన్న ఉంటె పెట్టు" అంది.

ఆ గదిలో గాలి బిగిసింది. పదకొండేళ్ళదాన్నయినా నాకది తెలిసింది. ఆ కులంవాళ్ళ ఇంట్లో మావాళ్ళు మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు. మేనత్త తల్లి ముఖంలోకి చూసింది, పరాచికమా అన్నట్టు. తర్వాత రెండు జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు పళ్ళెంలో వేసి, తల్లి ముందు పెట్టలేదు. కొంచెం దూరంగా నేల మీద పెట్టింది. కావాలంటే చెయ్యి చాపి తీసుకోవాలి.

నాయినమ్మ చాపింది. రొట్టె తుంచి, తొక్కు అద్దుకుని, నోట్లో పెట్టుకుని నమిలింది. "ఉప్పు ఎక్కువేసినవ్" అంది.

"నీ చెయ్యే వచ్చింది" అంది మేనత్త. అప్పుడు ఏడ్చింది మళ్ళీ.

కొంచెం సేపటికి నా వైపు తిరిగింది. నేను తలుపు చాటున ఉన్నాను. "ఇట్ల రా. నన్ను సంపింది నువ్వేనా?" అంది. నా ప్రాణం పోయింది. దగ్గరికి లాక్కుని, నా తల మీద ముఖం పెట్టి, "నా పేరుకు కొమ్ములు, దీర్ఘాలు సక్కగ పెట్టినవా లేదా?" అంది. జుట్టులో అదే కుంకుడు వాసన.

*

మేం మా ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలింది. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. నాయినమ్మను చూసి ఒక్కొక్కరే చప్పట్లు ఆపారు. గోడ మీంచి చూసినవాళ్ళు ఊరంతా చెప్పేసి ఉంటారు. మధ్యలోంచి నడిచి మా ఇంటికి వచ్చాం.

అమ్మ ఎదురొచ్చి గుసగుసగా చెప్పింది. తాత నీళ్ళు విడవలేదు. పెద్దలకు పెట్టలేదు. అయ్యగారు చూసి చూసి, చాట తీసుకోకుండానే పోయాడు. ఇంట్లో ఎవరూ తినలేదు. తాత పీట మీంచి లేచి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

నాయినమ్మ అరుగు ముందు నిలబడింది. ఎక్కడికి పోయిందో ఆయనకు తెలుసు. గడప దాటొద్దంటే ఏం చేయాలో ఆమె దారిలోనే అనుకుని ఉంటుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా వేళ్ళు నొప్పి పుట్టాయి.

తాత ఆమెను చూడలేదు. ఎడ్ల కొట్టం వైపు చూస్తూ అడిగాడు.

"ఉన్నదా?"

"ఎవలు?" అంది నాయినమ్మ.

వీధిలో చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి.

"ఎవలు ఉన్నదా అని అడుగుతున్నవ్? పేరు వెట్టి అడుగు."

నాయిన గుంజ పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత గొంతు సవరించుకున్నాడు. ఒకసారి పెదాలు తెరిచి మూశాడు. అప్పుడు పేరు అన్నాడు. పూర్తి పేరు కాదు, చిన్నప్పుడు ఆమెను పిలుచుకునే ముద్దుపేరు. ఆ పేరు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఉన్నది" అంది నాయినమ్మ. "లే. పొద్దటి సంది తినలే."

గారెలు గట్టిపడిపోయాయి. పెద్దలకు పెట్టకుండానే తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

*

క్లబ్‌హౌస్‌లో మెక్సికో పిల్ల ఇంతవరకూ విని లేచింది. ఫొటోలో నా వేళ్ళున్న చోట బంతిపూలు గుత్తిగా పెట్టి కప్పింది. "మీరు నవ్వుకోండి, నేను మాత్రం ఒప్పుకోను" అంది. ఒప్పుకోవద్దన్నాను. పోయిన ఏడు ఆ టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషికి ఈసారి ఒక్క నియమమైనా తన ఇష్టప్రకారం జరగాలి.

తాత మారిపోయాడని రాయను. ఆయన సంస్కర్త కాలేదు. సనత్‌నగర్ ఏనాడూ పోలేదు. అల్లుడి ముఖం చూడకుండానే పోయాడు. ఆ తర్వాతి ఏడు నుంచి మేనత్త బతుకమ్మకు వచ్చేది. ఆమె వచ్చిందంటే ఆయన చేను మీదికి పోయేవాడు, ఆమె ఉండే మూడు రోజులూ అక్కడే తినేవాడు. ఆమె వెళ్ళే రోజు మాత్రం ఊరి బయట రోడ్డు పక్క గుండు మీద కూర్చునేవాడు. ఆమె ముందు నుంచే నడిచిపోయేది. పలకరించుకునేవాళ్ళు కాదు. బస్సు వచ్చి, ఆమె ఎక్కి, బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక లేచి ఇంటికి వచ్చి, చేతికర్ర గోడకు ఆనించి, "ఎక్కిందా?" అని అడిగేవాడు.

"ఎవలు?" అనేది నాయినమ్మ, చేస్తున్న పనిలోంచి తలెత్తకుండా. ఆయన చెప్పేదాకా ఊరుకునేది కాదు.